గిన్నె కింద ఇరవై పిక్కలు

పలాస స్టేషను బయట, ఆటోలు ఆగే చోట, ఒకావిడ గోనెసంచిలోంచి జీడిపిక్కలు స్టీలు పళ్ళెంలోకి ఒంపుతోంది. పప్పు ఇంకా తీయని, బూడిదరంగు తొక్కతో ఉన్న పచ్చి పిక్కలు. అవి పళ్ళెం మీద పడిన చప్పుడుకి నా కాళ్ళు ఆగిపోయాయి. జీడి కాల్చే ఘాటు వాసన ఈ ఊళ్ళో ఎప్పుడూ ఉండేదే, దానికి ముక్కు అలవాటు పడిపోయింది. ఆ చప్పుడుకి మాత్రం చెవి ఇంకా అలవాటు పడలేదు. నేనలా నిలబడిపోవడం చూసి ఆవిడ, "ఏటమ్మా, కేజీ తూయమంతావా?" అంది. "వద్దమ్మా, నా దగ్గరున్నాయి" అని భుజానున్న గుడ్డసంచి తట్టి చూపించాను. "పచ్చిపిక్కలు ఏటి సేసుకుంతావే?" అంది. "ఆడుకుంటాను" అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా చూసి, తలలో నాలుగు తెల్ల వెంట్రుకలున్న మనిషి ఇలా అంటోందేమిటని పకపకా నవ్వింది. నేనూ నవ్వి టెక్కలి బస్సు ఎక్కాను. సంచిలో ఒక పళ్ళెం, ఒక గిన్నె, నలభై పిక్కలు. బస్సు కుదుపుకి అవి గలగలమంటుంటే దారి పొడుగునా సింహాచలం మాస్టారే గుర్తొచ్చారు.

ఆయన ఏ బడిలోనూ పాఠాలు చెప్పిన మాస్టారు కాదు. పూండిలో స్టేషనుకి దగ్గరగా ఒక పెంకుటింటి ముందుగదిలో ఉండే చిన్న గ్రంథాలయంలో ఆయన ఉద్యోగి. పుస్తకం చేతిలో ఉన్నవాళ్ళనందరినీ మా ఉద్దానం ప్రాంతంలో మాస్టారనే అంటాం. సొంతూరు నిమ్మాడ, వ్యవసాయ కుటుంబం. సముద్రానికి ఇంత దగ్గర్లో పుట్టి కూడా మోకాలి లోతు దాటి నీళ్ళలోకి దిగని మనిషి. ఎండుచేపల బుట్ట ఎదురైతే కండువా ముక్కుకి అడ్డం పెట్టుకునేవారు, మనం చూస్తే సిగ్గుపడి తీసేసేవారు.

నేను పదో తరగతితో బడి మానేసి, తీరం నుంచి పూండికి చేపల గంప మోసేదాన్ని. మా అయ్య ఎర్రయ్యది అలివి వల. అంటే పడవలో సముద్రంలోకి తీసుకెళ్ళి అర్ధచంద్రంలా వదిలి, రెండు కొసల తాళ్ళూ పట్టుకుని ఊరంతా ఒడ్డు మీద నుంచి లాగే పెద్ద వల. అమ్మకం అయ్యాక తిరుగు ఆటో వచ్చేదాకా నీడ కోసం గ్రంథాలయం అరుగు మీద కూర్చునేదాన్ని. ఒక రోజు మాస్టారు బయటికొచ్చి, "ఎండలో ఎందుకమ్మా, లోపల ఫ్యానుంది" అన్నారు. "గంప కంపు కొడతాది మాస్టారూ" అన్నాను. ఆయన కండువా ముక్కు దాకా తీసుకెళ్ళి, మళ్ళీ దించేసి, "పుస్తకాలకి ముక్కు లేదు కదా" అన్నారు. నా వయసు అప్పుడు ఇరవై రెండు. ఆ గదిలో ఎడమవైపు అలమర పైవరస నుంచి మొదలుపెట్టి, వరసలో ఏ పుస్తకం వస్తే అది చదివాను. తేనెటీగలు, గ్రహణాలు, దేశాల చరిత్రలు, కొబ్బరి తెగుళ్ళు. ఏడేళ్ళలో మూడు అలమరలు పూర్తి చేశానని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను. ఇంట్లో మాత్రం మా తమ్ముడు లోకనాథం, "అప్పా, గ్రహణం సంగతి తరవాత సూద్దాం గానీ, రేపు వలలో కవళ్ళ చేపలు పడతాయో లేదో నీ పుస్తకంలో ఉందేటి సూడు" అని ఏడిపించేవాడు.

మాస్టారికి ఒక పిచ్చి ఉండేది. నీళ్ళు, చెట్లు, చేపలు వచ్చే తరానికి మిగలాలని ఉపన్యాసం చెబితే ఎవరికీ ఎక్కదని, ఆడిస్తే ఎక్కుతుందని ఆయన నమ్మకం. ఆ విషయం మీద ఎక్కడి నుంచో తెప్పించిన పుస్తకం ఒకటి ఆయన బల్ల మీదే ఉండేది. ఆదివారాలు పిల్లల్ని పోగుచేసి ఆటలు పెట్టేవారు. మొదటిది బోర్ల ఆట. ఒక పెద్ద గాజుకూజా నిండా నిమ్మషర్బత్తు పోసి, దాని నిండా ఇసకా గులకరాళ్ళూ వేసినట్టు ఊహించుకోమని, ఆరుగురు పిల్లలకి ఆరు గొట్టాలిచ్చి పీల్చమన్నారు. కొబ్బరితోటల్లో పక్కపక్కనే బోర్లు వేస్తే అడుగున నీరు ఏమవుతుందో తెలియాలని ఆయన ఉద్దేశం. అరనిమిషంలో కూజా ఖాళీ. మాస్టారు గంభీరంగా, "చూశారా, ఇప్పుడు తోట గతి ఏమిటి?" అన్నారు. పిల్లలు మూతులు తుడుచుకుంటూ, "మల్లీ ఎండగొడదాం మాస్టారూ!" అని అరిచారు. తరవాతి ఆదివారం ఆయన షర్బత్తు మానేసి ఉత్త నీళ్ళు పోశారు. ఒక్కరూ రాలేదు. మేమిద్దరం కూజాకి అటూ ఇటూ కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాం. "ఆటలో తీపి ఎక్కడుండాలో నాకింకా తెలీలేదమ్మా" అన్నారాయన. ఓడిపోయినప్పుడు అంత హాయిగా నవ్వగలిగే పెద్దమనిషిని నేను అంతకుముందు చూడలేదు.

సముద్రం ఆట మా ఊరి ఒడ్డుకి వచ్చింది నా వల్లనే. అది వేట నిషేధ కాలం. చేపలు గుడ్లు పెట్టే ఆ రెండు నెలలూ పడవలు ఒడ్డునే ఉంటాయి, మగవాళ్ళు పాకలో కూర్చుని వలలు బాగుచేసుకుంటారు. మా వలకి కొసన ఉండే సంచి చిరిగిపోయింది. చేపలన్నీ చివరికి వచ్చి చేరేది ఆ సంచిలోనే. కొత్త సంచి కుట్టాలి. దానికి సన్న కన్ను, అంటే దారాల మధ్య ఇరుకు సందు, పెట్టాలా, పెద్ద కన్ను పెట్టాలా అన్నది ఇంట్లో తెగని వాదం. సన్న కన్నయితే గోరంత పిల్లచేప కూడా తప్పించుకోదు, ఎండబెట్టి కోళ్ళమేతకి అమ్మవచ్చు. పెద్ద కన్నయితే పిల్లలు జారిపోతాయి, పెరిగినవే పడతాయి. ఆ మధ్య సంవత్సరం సంవత్సరం వల తేలికైపోతూ వచ్చింది. ఈసారీ ఇలాగే ఉంటే తాను గుజరాత్‌లో వెరావల్ రేవుకి, పెద్ద బోట్ల మీద పనికి పోతానని లోకనాథం చెప్పేశాడు. మా ఊరి నుంచి అలా వెళ్ళినవాళ్ళు పది నెలలకి గానీ రారు. కొందరు సముద్రంలో దేశం హద్దు దాటి పట్టుబడి ఏళ్ళ తరబడి రాలేదు. అయ్యకి కొడుకు ఒడ్డున ఉండాలి. అందుకే సన్న కన్ను వైపే మొగ్గాడు. నేను ఆ వాదమంతా మాస్టారికి చెప్పాను. మరుసటి ఆదివారమే ఆయన పళ్ళెం, పిక్కలు, పుస్తకం సంచిలో వేసుకుని వచ్చేశారు.

"ఏటి మాస్టారూ, మాతో పిక్కలాట ఆడడానికొచ్చినారా?" అన్నాడు అయ్య.

"అవునయ్యా. పనేమీ లేదు కదా."

ఆట చాలా తేలిక. పళ్ళెం సముద్రం, నలభై పిక్కలు నలభై గంపల చేప. నాలుగు పడవలు: అయ్య, నేను, ఎదురింటి సూరిబాబు బావ, లోకనాథం. విడత విడతకీ ఎవరికి కావలసినన్ని వాళ్ళు తీసుకోవచ్చు. ఎవరికెన్ని వచ్చాయో ఇసకలో గీతలు గీసుకుని, పిక్కలు మాస్టారికి తిరిగి ఇచ్చేయాలి. పళ్ళెంలో ఎన్ని మిగిలితే ఆయన అన్ని కలుపుతారు, ఎందుకంటే మిగిలిన చేప పిల్లలు పెడుతుంది. నలభైకి మించి మాత్రం పళ్ళెం పట్టదు. నేను ఆ పుస్తకం ముందే చదివి ఉన్నాను గనుక తెలివి ప్రదర్శించాను. "తలో ఐదు తీద్దాం. ఇరవై మిగుల్తాయి, మల్లీ నలభై అవుతాయి. ఎప్పటికీ అయిపోదు" అన్నాను. అయ్య మీసం సవరించుకుని, "మా పిల్ల మూడు బీరువాలు సదివినాది" అన్నాడు. నిజానికి అప్పటికి ఒకటే.

తలో ఐదూ తీశాం. చుట్టూ ఎనిమిది మంది చూస్తూ నిలబడ్డారు. వాళ్ళ మధ్య నుంచి మా మామ్మ పోలమ్మ, అయ్యకి తల్లి, చెయ్యి చాపింది. "ఏరా, తాడట్టుకున్నోల్లకి పాలు లేదేటి?"

వాటాని మేం పాలు అంటాం. అలివి వల లాగేటప్పుడు ఎవరైనా సరే వచ్చి తాడు మీద చెయ్యి వేస్తే, ముసలివాళ్ళయినా, భర్త లేని ఆడవాళ్ళయినా, దారిన పోయేవాళ్ళయినా, వాళ్ళకి చేప ఇవ్వాల్సిందే. అదీ రాశి పంచకముందే, రాశిలోంచే ఇవ్వాలి. సొంత పాలులోంచి ఇచ్చి గొప్ప చూపించుకోకూడదు. ఆ మర్యాద మాకు ఎంత సహజమంటే, ఎవరూ ఒక్క క్షణం ఆలోచించలేదు. పడవకి రెండు చొప్పున పళ్ళెంలోంచి తీసి ఎనిమిది మంది చేతుల్లోనూ పెట్టేశాం. నేనే స్వయంగా మామ్మ చేతిలో పెట్టాను. పన్నెండు మిగిలాయి, అవి ఇరవై నాలుగు అయ్యాయి. రెండో విడత అయ్య ఏడు తీశాడు, ఐదు తనకి, రెండు తాడువాళ్ళకి. నేను ఏడు. బావ ఏడు. లోకనాథం వంతు వచ్చేసరికి పళ్ళెంలో మూడే ఉన్నాయి. వాడు వాటిని చూసి, రెండు తీసి చాపిన చేతుల్లో పెట్టి, ఒక్కటి అరచేతిలో ఉంచుకున్నాడు.

"అయిపోనాది సంద్రం" అన్నాడు. తరవాత నవ్వుతూనే, "అయితే నాను వెరావల్ పోతానయ్యా" అన్నాడు.

అందరూ నవ్వారు. అయ్య నవ్వలేదు. చేతిలో ఉన్న వల సూదిని కిందపెట్టి సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాడు. నాకు లెక్క ఎక్కడ తప్పిందో అర్థం కాలేదు. ఆ సాయంత్రం ఎన్నిసార్లు వేసి చూసుకున్నా తప్పలేదు. ఆ లెక్కలో మామ్మ లేదు, అంతే.

మాస్టారు ఖాళీ పళ్ళెం ముందు కూర్చున్నారు. పుస్తకం తెరిచి ఆ ఆట ఉన్న పేజీ మళ్ళీ చదువుకున్నారు. "ఇందులో మనుషులు ఆశపడి ఎక్కువెక్కువ తీసుకుంటారని, దెబ్బలాడుకుంటారని, అప్పుడు వాళ్ళకి బుద్ధి చెప్పాలని రాసి ఉందమ్మా" అన్నారు నాతో. "ఇక్కడ ఆశపడ్డవాడు ఒక్కడూ లేడే. ఎవరికి చెప్పను బుద్ధి?" గ్రంథాలయం పుస్తకంలో పెన్సిలు గీత కనబడితే పాఠకుణ్ణి నిలబెట్టి కడిగేసే మనిషి, నా దగ్గర పెన్సిలు అడిగి తీసుకుని ఆ పేజీ అంచున రాశారు: "తాడు పట్టినవారి పాలు ఇందులో లేదు." నేను అచ్చులో ఉన్నదంతా నిజమనుకునే రోజులవి. నేను తప్పు చేశానేమోగానీ పుస్తకం చేయదనుకునేదాన్ని. ఆ పెన్సిలు అక్షరాల వైపు చూస్తుంటే భయంగానూ, ఏదో కిటికీ తెరిచినట్టుగానూ అనిపించింది.

మళ్ళీ ఆదివారం ఆయన పుస్తకం లేకుండా వచ్చారు. పళ్ళెం పాకలో పెట్టి, "నాకు చేతకాలేదు. మీరే చెప్పండి, ఎలా ఆడాలో" అన్నారు. చదువుకున్న మనిషి అలా అడగడం మావాళ్ళకి కొత్త. చివరికి మామ్మే అందుకుంది.

"పడవకి పాలిత్తారు. వలకి పాలిత్తారు. ఇంజనుకీ పాలిత్తారు. ఇంజనేటి, గంజి తాగుతాదా? సంద్రానికి పాలెక్కడిచ్చినార్రా మీరు?"

"సంద్రానికెలాగిత్తామే అమ్మా? అదేటి సెయ్యి సాపుద్దా?" అన్నాడు అయ్య.

"సెయ్యి సాపనోల్లకి ఇవ్వరేటి మరి?"

అంటూనే మామ్మ తాను గంజి తాగుతున్న స్టీలుగిన్నె కడిగి తెచ్చింది. పళ్ళెంలో ఇరవై పిక్కలు ఒక పక్కకి జరిపి, వాటి మీద గిన్నె బోర్లించింది. "ఇది దానిది. ఇది తీసినాక, తాడోల్లది తియ్యండి. ఆ మిగిలింది మీరు పంచుకోండి." మిగిలిన ఇరవైలో ఎనిమిది తాడువాళ్ళకి పోతే పన్నెండు, తలకి మూడు. లోకనాథం తన మూడు పిక్కల్నీ గలగలలాడించి, "మూడేటే మామ్మా? మూడుతో ఏటి సేత్తాం?" అన్నాడు. పది విడతలు ఆడాం. పదిసార్లూ మూడే వచ్చాయి. పళ్ళెం ఒక్కసారి కూడా ఖాళీ కాలేదు. అయ్య ఇసకలో గీతలు లెక్కపెట్టుకున్నాడు. ముప్ఫై గీతలు. ముందువారం అయ్యకి వచ్చినవి పదే. ఆ తరవాతి వారమంతా అయ్య పెద్ద కన్ను సంచి కుట్టాడు.

ఇక్కడితో ఆపేస్తే ఇది ముచ్చటైన కథ అయ్యేది. నిషేధం ఎత్తేశాక మొదటి రెండు నెలలు వల తేలిగ్గానే వచ్చింది. పిల్లచేపలు జారిపోవడం కళ్ళారా చూస్తూ తాడు లాగడం కష్టం. పక్క ఊళ్ళవాళ్ళు, "ఎర్రయ్య సంద్రానికి పాలిత్తన్నాడంట, మనం అందుకుందాం రండ్రా" అని ఎగతాళి చేశారు. వాళ్ళవి సన్న కన్ను వలలే. లోకనాథం వెరావల్ ప్రయాణమయ్యాడు. వెళ్ళే రోజు పొద్దున్న పాకలో ఉన్న పళ్ళెంలోంచి ఒక పిక్క తీసి చొక్కా జేబులో వేసుకుని, "నా పాలు ముందే తీసుకున్నాను అప్పా, మాస్టారికి సెప్పు" అన్నాడు.

నేను చెప్పాను. చెప్పిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ మొహం వేడెక్కుతుంది. గంప గుమ్మంలోనే పడేసి, గ్రంథాలయంలో నలుగురూ వింటుండగా, "మీ ఆట మా తమ్ముణ్ణి పంపేసింది మాస్టారూ. మీకేటి, జీతమొత్తాది, పిక్కలు లెక్కెడతారు" అన్నాను. ఆయన లేచి నిలబడ్డారు. నేను ఆ తరవాత మూడు వారాలు అటు వెళ్ళలేదు.

నాలుగో ఆదివారం తెల్లారుతుండగా వల లాగుతున్నాం. నా వెనక ఎవరో వచ్చి తాడు పట్టుకున్నారు. మెలికలు తిరిగిన పట్టు, సముద్రం అలవాటు లేని చెయ్యి. తిరిగి చూస్తే మాస్టారు. పంచె మోకాళ్ళ పైకి ఎగగట్టి, కండువా నడుముకి బిగించి, కెరటం వచ్చినప్పుడల్లా కళ్ళు గట్టిగా మూసుకుంటున్నారు. మొదటి బస్సుకి వచ్చారట. "మీకెందుకు మాస్టారూ ఇది?" అన్నాను. "నా ఆటకి నేను తాడు పట్టలేదమ్మా" అన్నారు రొప్పుతూ. "ఒక మనిషి తగ్గాడు కదా, ఆ చోటు ఖాళీగా ఉంది." రాశి పోసినప్పుడు ఆచారం ప్రకారం అయ్య గుప్పెడు చేపలు తీసి ఆయన చేతిలో పెట్టాడు. జన్మలో చేప ముట్టని ఆ మనిషి వాటిని రెండు చేతులా పట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక, ముక్కు మాత్రం మూసుకోకుండా, నడిచి వెళ్ళి మామ్మ గిన్నెలో వేశారు. "సరే, నా పాలు నాకొచ్చినాది గానీ, ఈ బాబు నీళ్ళల్లో పడిపోకుండా సూడండ్రా" అంది మామ్మ. ఆ వేటకాలమంతా ఆయన ప్రతి ఆదివారం వచ్చారు. సోమవారాలు గ్రంథాలయానికి వెళితే, బొబ్బలెక్కిన వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని పేజీలు తిప్పుతూ కనబడేవారు. నేను క్షమించమని అడగలేదు. వెళ్ళి నూనె రాసి కొత్త పీలికలు కట్టాను. ఆయన "రెండో అలమర కింది వరస మిగిలిపోయింది నీకు" అన్నారు.

ఒక్క వల మారితే సముద్రం నిండదని ఆయనకి తెలుసు. నాలుగు పడవల్లో ఒకటే ఆగితే పళ్ళెం ఎలా ఖాళీ అవుతుందో మేం ఆడి చూశాం కూడా. అందుకని మరుసటి నిషేధంలో మేమిద్దరం పళ్ళెం, మామ్మ ఇచ్చిన గిన్నె పట్టుకుని పక్క ఊళ్ళకి బయలుదేరాం, బారువ దాకా వెళ్ళాం. కొన్నిచోట్ల తరిమారు. కొన్నిచోట్ల టీ ఇచ్చి తరిమారు. మా పక్కనున్న రెండు ఊళ్ళు మాత్రం, పదేసి విడతలు ఆడి, గిన్నె కింద పిక్కల గురించి చాలాసేపు పోట్లాడుకుని, సంచులు మార్చుకున్నాయి. మేం ఎక్కడ ఆడించినా పళ్ళెంలో ముప్ఫై తొమ్మిది పిక్కలే ఉండేవి. "ఇంకోటి వెయ్యండి మాస్టారూ, లెక్క కుదరదు" అంటే ఆయన ఒప్పుకునేవారు కాదు. "నలభయ్యోది వెరావల్‌లో ఉందమ్మా. ఉన్నట్టే లెక్క."

ఆ ఏడాది చేప ఎక్కువ పడింది. అది మా సంచుల వల్లేనని నేను రాయను. వానలు, నీటి వేడి, ఇంకా మనకి తెలియని సంగతులు సముద్రంలో ఎన్నో ఉంటాయని మాస్టారే హెచ్చరించేవారు, సముద్రం పళ్ళెం కాదని. కానీ ఒక సాయంత్రం అయ్య నా ఫోను తీసుకుని వెరావల్‌కి చేసి, ఊరంతా వినబడేంత గట్టిగా, "ఒరే, మూడుకి తక్కువ లేదురా. వచ్చేయి" అన్నాడు. అవతల వాడు ఏమన్నాడో నాకు వినపడలేదు. బరువు దించుకున్నట్టు అయ్య భుజాలు దిగడం మాత్రం చూశాను. పదిహేను రోజుల తరవాత పూండి స్టేషనులో దిగిన లోకనాథం ఇంటికి రాకముందే, సంచితో సహా గ్రంథాలయంలోకి నడిచి, జేబులోంచి పిక్క తీసి మాస్టారి బల్ల మీద పెట్టాడు. ఏడాదిన్నర జేబులో ఒరుసుకుని అది నల్లగా, నున్నగా, నదిలో దొరికే రాయిలా అయిపోయింది. మాస్టారు దాన్ని కళ్ళజోడు తీసి చూసి, పెట్టి చూసి, వాడి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, రిజిస్టరు తెరిచారు. వెనక్కి వచ్చిన పుస్తకాల వరసలో తేదీ వేసి రాశారు: "పిక్క, ఒకటి. వాపసు."

ఉద్యోగం అయిపోయాక ఆయన నిమ్మాడ వెళ్ళిపోయారు. పోయిన వేసవిలో కాలం చేశారు. నేను వెళ్ళేసరికి ఆయన భార్య పళ్ళెం, గిన్నె, పిక్కల మూట ఒక గుడ్డసంచిలో సిద్ధంగా పెట్టి, "నీకివ్వమన్నారమ్మా. మూడో అలమర అయిందా అని కూడా అడగమన్నారు" అంది. అయిందని చెప్పాను. మామ్మ గిన్నె అది, గంజి తాగే గిన్నె. అంచున చిన్న సొట్ట ఇంకా అలాగే ఉంది.

ఇప్పుడూ పుస్తకాలు చదువుతూనే ఉంటాను. ఎంత పెద్ద పుస్తకమైనా, నీటి గురించి గానీ అడవుల గురించి గానీ లెక్కలు కట్టి చెబుతుంటే, ఇందులో తాడు పట్టినవాళ్ళు ఎక్కడున్నారని వెతుక్కుంటాను. కనబడకపోతే పెన్సిలు తీస్తాను. సొంత పుస్తకమైతేనే. గ్రంథాలయం పుస్తకమైతే కాగితం ముక్క మీద రాసి అందులో పెడతాను, ఎందుకంటే ఆయన తిట్లు ఇంకా చెవిలో ఉన్నాయి.

పలాసలో బస్సెక్కిన ఆ రోజు, ఆట ఆడించడానికి వెళ్ళిన టెక్కలి బడిలో పళ్ళెం చుట్టూ పిల్లలు మూగారు. పిక్కలు ఒంపాను, అదే చప్పుడు. ఇరవై పక్కకి జరిపి గిన్నె బోర్లించాను. "అది ఎవరిది టీచరూ?" అని ఒక పిల్ల అడిగింది. నేను జవాబు చెప్పలేదు. మాస్టారు ఎప్పుడూ చెప్పేవారు కాదు, ఆడేవాళ్ళలోంచి ఎవరో ఒకరు చెప్పేదాకా కూర్చునేవారు. నేనూ కూర్చున్నాను. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. గిన్నె కిందున్న ఇరవైలో నున్నటి నల్ల పిక్క ఒకటుంది. ఎప్పుడు ఆడించినా, ఎవరూ చూడకుండా, దాన్ని ముందుగా అక్కడే పెడతాను.